నాలుగేళ్ల పిల్ల నా బూతు నేర్చేసుకుంది. నోటికి తాళం ఎలా వేయాలి?

నట్టుబోల్టు_సిక్కోలు
బైక్ మెకానిక్‌ని. శ్రీకాకుళంలో చిన్న షెడ్డు, నేనూ ఇద్దరు కుర్రాళ్లూ. ముందు షెడ్డు, వెనక కాపురం. మొన్న ఆదివారం నరసన్నపేట నుంచి మా మావగారు వచ్చి కాఫీ తాగుతున్నారు. మా పాప పక్కనే బొమ్మ కారు తోలుకుంటోంది. ముందు చక్రం ఊడి మంచం కిందకి దొర్లిపోయింది. పాప లేచి, నడుం మీద చెయ్యి పెట్టి, కాలితో నేలని ఒక్క తన్ను తన్ని, ఆ మాట అంది. ముద్దుముద్దుగా కూడా కాదు. నట్టు జారినప్పుడు నేనెలా అంటానో అచ్చం అలాగే, చివరి అక్షరం సాగదీసి మరీ. మావగారు కప్పు కింద పెట్టి గోడ మీద క్యాలెండర్ చూడటం మొదలెట్టారు. చాలాసేపు చూశారు.

మా ఆవిడ ఏమీ అనలేదు. నాకు అదే భయంగా ఉంది.

నేను కోపిష్టిని కాదు. ఎవరి మీదా నోరు పారేసుకోను. కానీ స్పానర్ కనపడకపోతే ఒకటి వస్తుంది, కనపడితే ఇంకోటి వస్తుంది. హుండీ పెట్టాను, మాటకి పది రూపాయలు. మూడు రోజుల్లో 340 పడ్డాయి. కుర్రాళ్లేమో "అన్నా, ఇంకో రెండు అనవా, బజ్జీలకి సరిపోతాయి" అంటున్నారు. ఈ అలవాటు మానేసినవాళ్లు ఉంటే ఎలా మానారో చెప్పండి.

పలాస_జీడిగుండు
స్పానర్ కనపడితే ఎందుకన్నా మళ్లీ?

నట్టుబోల్టు_సిక్కోలు
సంతోషం.

గంటస్తంభం_మాస్టారు
నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు. విజయనగరంలో ముప్పై రెండేళ్లు పిల్లలకి పాఠాలు చెప్పాను. ఇంట్లోనో వీధిలోనో వినని మాట పిల్లల నోట రాదు. ముందు మీ నోరు అదుపులో పెట్టుకోండి. వారానికి ఒక పూట మౌనం పాటించి చూడండి.

సాలూరు_లారీ
మౌనవ్రతం పట్టి బండి బాగుచేస్తే కస్టమర్ భయపడి పారిపోతాడు మాస్టారూ. నట్టు తమ్ముడూ, ఊరికే టెన్షన్ పడకు. ముప్పై ఏళ్లు లారీ తోలాను. సుంకి ఘాట్ ఎక్కుతుంటే ఎదురుగా వచ్చేవాడు లైటు దించకపోతే తిట్టకుండా ఎవడుంటాడు? తిట్టేస్తే పోతుంది. లోపల దాచుకుంటే బీపీ.

చీపురుపల్లి_చిన్నోడు
లారీ మావ చెప్పినదానికి పరిశోధన కూడా ఉంది. ఇంగ్లండ్‌లో కీల్ యూనివర్సిటీలో రిచర్డ్ స్టీఫెన్స్ అనే సైకాలజిస్టు 2009లో ఒక ప్రయోగం ప్రచురించాడు. విద్యార్థుల చేత మంచులా చల్లగా ఉన్న నీళ్లలో చెయ్యి పెట్టించి, ఒకసారి బూతు మాట అంటూ, ఒకసారి మామూలు మాట అంటూ ఎంతసేపు ఓర్చుకుంటారో చూశాడు. బూతు అన్నప్పుడు ఎక్కువసేపు ఉంచారు. గుండె వేగం కూడా పెరిగింది. దీనికి 2010లో ఇగ్ నోబెల్ వచ్చింది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇస్తారే, అది. అందులోనూ శాంతి బహుమతి!

పలాస_జీడిగుండు
బూతులకి శాంతి బహుమతా! మా బట్టీ మేస్త్రికి ఈపాటికి నాలుగు రావాలి.

సాలూరు_లారీ
చూశారా మాస్టారూ.

నాగావళి_నర్సు
చిన్నోడా, సగం కథే చెప్పావు. అదే స్టీఫెన్స్ 2011లో ఇంకో ప్రయోగం ప్రచురించాడు. రోజూ ఎక్కువగా తిట్టేవాళ్లకి ఆ ఉపశమనం బాగా తక్కువని తేలింది. ఎప్పుడో ఒకసారి తిట్టేవాళ్లకే గట్టిగా పనిచేస్తుంది. నట్టుబోల్టు గారు స్పానర్ కోసమే మొత్తం ఖర్చుపెట్టేస్తే, రేపు బొటనవేలి మీద సుత్తి పడినప్పుడు వాడుకోవడానికి ఏమీ మిగలదు.

నట్టుబోల్టు_సిక్కోలు
ఈ కోణంలో ఎప్పుడూ ఆలోచించలేదు. నా అకౌంట్ ఎప్పుడో ఖాళీ అయినట్టే.

నాగావళి_నర్సు
ఇంకో సంగతి చెప్పాలి. నేను డ్యూటీ చేసిన వార్డులో ఒక పెద్దాయనకి మెదడు ఎడమవైపు స్ట్రోక్ వచ్చి మాట పోయింది. భార్య పేరు చెప్పలేడు. నీళ్లు కావాలంటే గ్లాసు చూపిస్తాడు. సూది గుచ్చేసరికి మాత్రం స్పష్టంగా, ఒత్తులతో సహా ఒక బూతు వచ్చింది. వార్డంతా తిరిగి చూసింది. వాళ్లావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందేమో అనుకున్నాను, దగ్గరికెళితే కళ్ల నిండా నీళ్లు. "మాట వచ్చేసిందమ్మా" అంది.

రాలేదు. ఆలోచించి కూర్చుకునే మాటలు చాలామందిలో ఎడమ మెదడు పని. తిట్టు, ఒకటి రెండు మూడు అని వరస చెప్పడం, చిన్నప్పుడు బట్టీపట్టిన ప్రార్థన, ఇలాంటివి అలవాటుగా దొర్లిపోయే మాటలు. వాటి దారి కొంత వేరు. అందుకే మిగతా మాటలు పోయినా అవి మిగులుతుంటాయి. కాబట్టి "నేననలేదు, అదే వచ్చింది" అని నట్టుబోల్టు గారు అంటే అది పూర్తిగా అబద్ధం కాదు.

నట్టుబోల్టు_సిక్కోలు
దీన్ని ప్రింటు తీసి వంటింట్లో అతికిస్తున్నాను.

బొబ్బిలి_వీణ
అతికించండి, దాని పక్కన నాదీ అతికించండి. మొదటి పోస్టు నుంచీ అందరూ "ఆ మాట, ఆ మాట" అంటున్నారు. ఆ మాటలో ఎవరున్నారో ఒక్కరూ చెప్పరేం? తల్లి ఉంది, అక్కచెల్లెళ్లు ఉన్నారు. జారింది నట్టు. మధ్యలో ఎవరి తల్లి ఏం చేసింది?

నేను రోజూ బొబ్బిలి నుంచి విజయనగరం రైల్లో వెళ్తాను. మా పెట్టెలో ఒక పేకాట గుంపు. వాళ్లలో వాళ్లకి ఏ గొడవా లేదు, ఆ మాటలతోనే ప్రేమగా పిలుచుకుంటారు. ఎదుటి సీట్లో కూర్చున్నదాన్ని నేను కిటికీలోంచి పొలాలు చూస్తూ చెవిటిదానిలా నటించాలి. అనేవాడికి అది ఊతపదమే కావచ్చు. వినేదానికి కాదు.

నట్టుబోల్టు_సిక్కోలు
అక్కా, దీనికి జవాబు లేదు నా దగ్గర. మా షెడ్డుకి స్కూటీలు తెచ్చే ఆడవాళ్లు ఫోన్ చూసుకుంటూ దూరంగా ఎందుకు నిలబడతారో ఇప్పుడు అర్థమవుతోంది. ఎండ అనుకునేవాణ్ణి.

రాజాం_టికెట్టు
ఊతపదం అన్నమాట దగ్గర నాదో మాట. బస్సులో కండక్టర్‌ని. చిల్లర లేదంటే నాకు పడేవి ఊతపదాలు కావు, గురిచూసి వేసేవి. నట్టు తమ్ముడిది నోటి తీట, వాళ్లది నోటి దురుసు. రెంటికీ ఒకే మందు లేదు. తీటకి ఇరవై ఒక్క రోజులు పట్టుదలగా ఉంటే చాలు. ఇక పాప సంగతంటారా, పచ్చిమిరపకాయ పెదవికి రాయండి. మా అమ్మ నాకు అదే చేసింది. ఒక్క రోజులో పోయింది.

కవిటి_కొబ్బరి
పోయిందా? క్రికెట్ చర్చలో నిన్న రాత్రి మీరు అంపైర్ గురించి రాసింది నేను చదివాను.

రాజాం_టికెట్టు
అది ఎల్బీడబ్ల్యూ కాదు బాబూ. ఎవడికైనా కనిపిస్తుంది.

పలాస_జీడిగుండు
రాజాం ఇప్పుడు విజయనగరం జిల్లాలోకి వెళ్లిపోయింది. మా సిక్కోలోళ్లకి ఏ బాధ్యతా లేదు.

గంటస్తంభం_మాస్టారు
మిరపకాయ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. 1987లో మూడో తరగతి కుర్రాడొకడికి నేనే రాశాను. వాడు చేత్తో మూతి తుడుచుకుని అదే చేత్తో కళ్లు నలుపుకున్నాడు. ఎత్తుకుని బావి దగ్గరికి పరిగెత్తాను. ఎన్ని చేదల నీళ్లు పోశానో గుర్తులేదు, నా పంచె మొత్తం తడిసిపోయింది. వాడు ఏడుస్తూ నా మెడ వదలలేదు. రాసిన చెయ్యి నాదే అయినా.

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చి బడి ముందు నిలబడి నన్ను తిట్టాడు. పొద్దున కుర్రాడి నోట ఏ మాట విన్నానో అదే మాట. నిలబడి విన్నాను. మిరపకాయ ఎవరికి రాయాల్సిందో అప్పుడు తెలిసింది గానీ ఆయన నాకంటే బలంగా ఉన్నాడు.

రాయకండి.

సాలూరు_లారీ
మాస్టారూ, మౌనవ్రతం మీద వేసిన జోకు వెనక్కి తీసుకుంటున్నాను.

నాగావళి_నర్సు
మాస్టారు చెప్పాక నేను చెప్పేదేముంది. అయినా పాప కోసం ఒక్కటి. నవ్వొద్దు, అరవొద్దు. ఏది చేసినా "ఈ మాటకి ఇల్లంతా కదులుతుంది" అని తెలిసిపోతుంది, మళ్లీ అంటుంది. నాలుగేళ్లకి ఆ మాట అర్థం తెలియదు, ఊపు మాత్రమే తెలుసు. "అది మనం అనే మాట కాదమ్మా" అని మామూలు గొంతుతో చెప్పి, చక్రం ఎలా పెట్టాలో చూపించండి. మెకానిక్ కూతురు కదా, రెండోదే గుర్తుంటుంది.

పలాస_జీడిగుండు
మావగారికి ఏం చూపించాలి?

నాగావళి_నర్సు
ఆయనకి క్యాలెండర్ ఉంది.

సాలూరు_లారీ
అన్నీ బాగున్నాయి గానీ నా బీపీ సంగతి ఎవరూ తేల్చలేదు. కక్కేస్తే పోతుందా పోదా?

చీపురుపల్లి_చిన్నోడు
అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే ఆయన 2002లో దీని మీద ఒక ప్రయోగం ప్రచురించాడు మావా. ముందు విద్యార్థులకి కావాలని కోపం తెప్పించారు. తర్వాత కొందరిని, ఆ కోపం తెప్పించినవాణ్ణి తలుచుకుంటూ పంచింగ్ బ్యాగు గుద్దమన్నారు. కొందరిని రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. గుద్దినవాళ్లకే కోపం ఎక్కువ మిగిలింది.

సాలూరు_లారీ
గుద్దడం వేరు, తిట్టడం వేరు తమ్ముడూ.

చీపురుపల్లి_చిన్నోడు
ఒప్పుకుంటాను. కానీ ఆ లైటు దించనివాణ్ణి అప్పుడే తిట్టేశావు కదా. మరి ఇవాళ మళ్లీ ఎందుకు గుర్తొచ్చాడు?

సాలూరు_లారీ
ఒరిస్సా బండి. 1998. నంబరు కూడా చెప్పగలను.

పలాస_జీడిగుండు
😂😂 ప్రయోగం ముగిసింది.

కవిటి_కొబ్బరి
నవ్వుల్లో ఒక సంగతి కొట్టుకుపోకూడదు. మా దగ్గర సంతలో బేరం కుదరక ఒకతను అవతలి మనిషిని కులం పేరు పెట్టి తిట్టాడు. పోలీసుల దగ్గర "నోటి అలవాటండీ, నోరు జారింది" అన్నాడు. పదిమందిలో ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో తిడితే 1989 నాటి అట్రాసిటీ చట్టం కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు. దాన్ని నోటి తీట లెక్కలో వేయకండి. ఆ మాట నోట్లోకి రాకముందే బుర్రలో ఉంది.

బొబ్బిలి_వీణ
మామూలు బూతుకి కూడా సెక్షన్ ఉంది. బయట నలుగురిలో పక్కవాళ్లకి ఇబ్బంది కలిగేలా అసభ్యమైన మాటలు అంటే భారతీయ న్యాయ సంహిత 296. మూడు నెలల దాకా జైలు, లేదా వెయ్యి వరకు జరిమానా, లేదా రెండూ. ఇదివరకు ఐపీసీ 294, 2024 జూలై 1 నుంచి ఈ కొత్త నంబరు. ఒకసారి రైల్లో ఫోన్ చూసి ఇది గట్టిగా చదివాను. పేకాట ఆగిపోయింది.

రాజాం_టికెట్టు
పూర్తిగా మానేశారా అక్కా?

బొబ్బిలి_వీణ
గజపతినగరం దాకా.

కవిటి_కొబ్బరి
అసలు ప్రశ్నకి వస్తాను. నేను మానాను. హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో తొమ్మిదేళ్లు ఉన్నాను, అక్కడ బూతు లేకుండా మాట్లాడితే ఒంట్లో బాగులేదా అని అడుగుతారు. ఊరొచ్చాక మా అమ్మతో మాట్లాడాల్సి వచ్చేది, ఒక్కో మాటా చూసుకుంటూ. అప్పుడు పట్టించుకున్నాను.

నట్టుబోల్టు అన్నకి హుండీ ఎందుకు పనిచేయలేదంటే, డబ్బు పడేది మాట వచ్చాక. మాట రాకముందే దొరికించుకోవాలి. చిన్న పుస్తకం జేబులో పెట్టుకుని, ఎన్నిసార్లు అన్నానో కాదు, దానికి ముందు ఏం జరిగిందో రాసుకున్నాను. పది రోజులకి తెలిసింది, సగానికి సగం బరువు ఎత్తే ముందు వస్తున్నాయి. కొబ్బరి బస్తా మీద చెయ్యి వేస్తే చాలు. బూతు అనేది నాకు "ఐలేసా" లాంటిది అన్నమాట. అప్పటి నుంచి బస్తా ముట్టుకునే ముందు పెదాలు బిగించి ముక్కుతో గాలి వదలడం మొదలెట్టాను. ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పటికీ తలుపు సందులో వేలు పడితే హైదరాబాద్ తిరిగొస్తుంది.

నాగావళి_నర్సు
మీకు తెలియకుండానే పుస్తకాల్లో ఉన్న పద్ధతి పట్టేశారు. 1973లో అజ్రిన్, నన్ అనే ఇద్దరు అమెరికన్లు గోళ్లు కొరకడం, తల ఎగరేయడం లాంటి అలవాట్లకి ఇదే రాశారు. అలవాటు ఎప్పుడు వస్తోందో ముందే పసిగట్టడం, ఆ క్షణంలో దానితో పాటు కుదరని ఇంకో పని చేయడం. పెదాలు మూసుకుని తిట్టి చూడండి, కుదరదు.

పలాస_జీడిగుండు
ఇప్పుడే చూశాను. ముక్కులోంచి వచ్చింది.

చీపురుపల్లి_చిన్నోడు
రాజాం అన్న అన్న ఇరవై ఒక్క రోజుల లెక్క నమ్మకండి. లండన్‌లో యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 96 మందిని గమనించారు. కొత్త అలవాటు దానంతటదే జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు. తొందరగా వచ్చినవాడికి 18, లెక్క ప్రకారం నెమ్మదిగా వచ్చేవాడికి 254. కవిటి అన్న ఎనిమిది నెలలు అందులోనే ఉంది.

బొబ్బిలి_వీణ
మూతి బిగించడం కష్టమైతే మాట మార్చండి. మా నాన్నమ్మ పాలు పొంగినా, పిల్లి చేప ముక్క ఎత్తుకుపోయినా, మా తాత చెప్పకుండా భోజనానికి నలుగురిని తెచ్చినా ఒకటే అనేది. "నీ ఇల్లు బంగారం గాను!" అరుపు మాత్రం బూతుకేమీ తీసిపోదు. వీధి చివరికి వినపడేది. పిల్లి కూడా ఆగేది.

సాలూరు_లారీ
మా అమ్మది "నీ దుంప తెగ". దుంప ఎవరిదో ఇప్పటికీ తెలియదు.

చీపురుపల్లి_చిన్నోడు
స్టీఫెన్స్ దీన్ని కూడా వదల్లేదు. 2020లో కల్పించిన తిట్లు రెండు పెట్టి చూశాడు, "ఫౌచ్", "ట్విజ్‌పైప్" అని. జనానికి నవ్వొచ్చింది గానీ నొప్పి తగ్గలేదు. అసలు బూతే పనిచేసింది.

నాగావళి_నర్సు
నట్టుబోల్టు గారికి నొప్పి తగ్గక్కర్లేదు కదా. పాప చెవిన పడే మాట మారితే చాలు. ఆ అసలుదాన్ని సుత్తి కోసం దాచుకుంటారు.

గంటస్తంభం_మాస్టారు
బంగారం మాట బాగుంది. తిట్టులో దీవెన పెట్టడం మనవాళ్లకే చెల్లింది.

పలాస_జీడిగుండు
బంగారం రేటు ఇప్పుడు చూశారా మాస్టారూ. శాపమే.

*(ఐదు వారాల తర్వాత)*

నట్టుబోల్టు_సిక్కోలు
ఏమైందో చెప్పమని ముగ్గురు అడిగారు కాబట్టి రాస్తున్నా.

కవిటి తమ్ముడి పుస్తకం నాకు కుదరలేదు, చేతుల నిండా గ్రీజు. షట్టర్ లోపలివైపు సుద్దముక్కతో గీతలు పెట్టాను. ఒంటరిగా ఉంటే ఒక గడి, కుర్రాళ్లుంటే ఒక గడి, కస్టమర్ ఉంటే ఒక గడి. మొదటి రోజు 41 గీతలు. హుండీలో పడినవి సగం కూడా కాదన్నమాట, నేను వినిపించుకోవడమే లేదు.

వారం తర్వాత ఆ గడులు చూసి నాకే వింతగా అనిపించింది. రాత్రి ఎనిమిది దాటాక ఒక్కణ్ణే కూర్చుని ఇంజిన్ విప్పితే ఒక్క గీత లేదు. అప్పుడూ నట్లు జారుతూనే ఉన్నాయి. కుర్రాళ్లతో ఉంటే ఐదారు. మిగతావన్నీ కస్టమర్ నా వెనక నిలబడి చూస్తున్నప్పుడే. "ఇంకెంతసేపు" అని అడగక్కర్లేదు, నిలబడితే చాలు. అంటే నేను నట్టుని తిట్టడం లేదు. "చూశావా, తప్పు నాది కాదు, నట్టుది" అని అతనికి చెప్పుకుంటున్నాను.

రెండు ప్లాస్టిక్ కుర్చీలు కొని షెడ్డు బయట చెట్టు కింద వేశాను, పక్కన మంచినీళ్ల క్యాన్. కస్టమర్ వెళ్లి కూర్చుంటాడు. గీతలు సగానికి పడిపోయాయి. మిగతా సగానికి ముక్కుతో గాలి, బంగారం. ఇప్పుడు రోజుకి ఆరో ఏడో. వీణక్కా, స్కూటీ ఆవిడ ఒకరు మొన్న కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుని కూర్చున్నారు.

సుత్తి కూడా పడింది, ఎడమ బొటనవేలి మీద. మూడు వారాలుగా దాచుకున్నది మొత్తం ఒకేసారి తీశాను. నర్సమ్మ గారూ, ఒట్టు, పనిచేసింది.

కవిటి_కొబ్బరి
కుర్చీల సంగతి అదిరింది అన్నా. పాప?

నట్టుబోల్టు_సిక్కోలు
నిన్న మావగారు మళ్లీ వచ్చారు. అదే కారు, అదే చక్రం. (నేను బిగించాను, అయినా ఊడింది. కుర్రాళ్లకి చెప్పకండి.) పాప లేచి, నడుం మీద చెయ్యి పెట్టి, నేలని ఒక్క తన్ను తన్ని, "నీ ఇల్లు బంగారం గానూ..." అంది. గొంతు నాదే, సాగదీత నాదే. మావగారు క్యాలెండర్ వైపు తిరగబోయి ఆగి, "ఇది పర్లేదు గానీ, ఆ కాలు ఎవరిది?" అన్నారు.

మా ఆవిడ నా వైపు చూసి అప్పుడు నవ్వింది.

నాగావళి_నర్సు
కాలికి ఇంకో 66 రోజులు.

రాజాం_టికెట్టు
షెడ్డు ఎక్కడ అన్నా? నా బండి చైన్ టకటకలాడుతోంది. నేను కుర్చీలో కూర్చోను, పక్కనే నిలబడి చూస్తాను, పర్లేదా?

నట్టుబోల్టు_సిక్కోలు
మంగళవారం సెలవు. మిగతా రోజుల్లో రండి. నిలబడితే పదిహేను శాతం ఎక్కువ.